అక్క వెతికిన చెట్టు

శుక్రవారం చర్చిలో ఉపవాస ప్రార్థనలో ఉండగా మా తోటికోడలు అక్క పోయిన కబురు వచ్చింది. ఫోన్ అప్పటికే సైలెంట్‌లో పెట్టి సంచిలో పడేసుకుని ఉన్నాను. అందరం మోకాళ్ళ మీద ఉన్నాం. గుమ్మం దగ్గర ఎవరో నిలబడ్డట్టు అనిపించి కళ్ళు తెరిచాను. మా పక్కింటి సాయిబుగారి భార్య చెప్పులు విడిచి, తల మీద కొంగు సర్దుకుంటూ, లోపలికి రావచ్చో లేదో తెలియక గడప అవతలే ఆగిపోయింది. చేత్తో రమ్మని సైగ చేసింది. నేను లేచి వెళ్ళేలోపే ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది.

"మీ అక్క పిలిస్తే పలకలేదమ్మా. డాక్టరు వచ్చి చూశాడు. లేదన్నాడు," అంది.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "ఎక్కడ?" అని. ఆవిడకి అది వింతగా అనిపించలేదు. మా అక్క ఇంటి పట్టున ఉండే మనిషి కాదని వీధి వీధంతా తెలుసు. ఏ రోడ్డు మీద, ఏ చెట్టు దగ్గర అన్నట్టే అడిగాను.

"ఇంట్లోనే. మంచం మీదే," అంది ఆవిడ.

అది విన్నాక నాకు దిగులు ఇంకా ఎక్కువైంది. వెతుకుతున్నది దొరక్కుండానే ఆమె పడుకుందన్నమాట.

ఆమె వెతికింది ఒక చెట్టు కోసం. చిన్నప్పుడు ఉప్పెనలో తనను పట్టి ఉంచిన చెట్టు ఏదో తెలుసుకోవాలనుకుంది. ఆమె గురించి ఏది చెప్పబోయినా మాట అక్కడికే వెళ్తోంది.

ఆమె మావారి అన్నగారి భార్య. బందరులో ఒకే ఇంట్లో కింద వాళ్ళు, పైన మేము. నేను కాపురానికి వచ్చేసరికే ఆమె అంగన్వాడీ టీచరు. నన్ను "అమ్మాయ్" అనేది. నేను "అక్కా" అనేదాన్ని. ఆమె పుట్టింది దివిసీమలో, సముద్రానికి దగ్గరి ఊళ్ళో. ఉప్పెన నీళ్ళు ఆమెను తల్లి చేతిలోంచి లాక్కుపోయాయి. ఎటు కొట్టుకుపోయిందో తెలియదు. ఒక చెట్టుకు తగిలింది. చేతులూ కాళ్ళూ దానికి చుట్టేసి తెల్లారేదాకా వదల్లేదు. ఉప్పుకీ బురదకీ కళ్ళు వాచి మూసుకుపోయాయి. పొద్దున ఎవరో వచ్చి ఆమె చేతులు విడిపించి భుజాన వేసుకుని తీసుకెళ్ళారు. కళ్ళు తెరిచేసరికి అవనిగడ్డలో ఒక బడి వరండాలో ఉంది. తల్లి లేదు. తనను కాపాడిన చెట్టును ఒక్కసారి కూడా చూడలేదు.

తెలిసిందంతా అరచేతులకీ చెంపకీ తెలిసిందే. "గరుగ్గా ఉంది. కానీ కోసే గరుకు కాదు," అని చెప్పేది. "ఛాతీ దగ్గర ఒక బుడిపె. కాలు ఆనించుకోడానికి చిన్న చీలిక. గాలి కొట్టినప్పుడల్లా వంగింది, మళ్ళీ లేచింది. నన్నూ వంచింది, నన్నూ లేపింది."

"తుమ్మే అయ్యుంటుంది," అనేవారు బావగారు, అంటే ఆమె భర్త. "ఆ రోజు చెట్టు పట్టుకుని బతికినవాళ్ళలో ఎవర్నడిగినా తుమ్మ పేరే చెబుతారు."

"ముళ్ళు లేవండీ."

"ఉండే ఉంటాయి. నీకు తెలియలేదు."

"నన్ను కుట్టిన చీమ కూడా నాకు గుర్తుంటుంది. పెళ్ళిచూపుల్లో మీరన్న మాట గుర్తులేదూ?"

"ఏమన్నాను?"

"పిల్ల నల్లగా ఉంది, పర్లేదు అన్నారు."

బావగారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవారు. ఈ మాటలు మా ఇంట్లో ఎన్నిసార్లు జరిగాయో. ప్రతిసారీ పేపరు దగ్గరే ఆగేవి.

తెలిసి ఏం చేస్తావని నేనూ ఒకసారి అడిగాను.

"థాంక్స్ చెప్పొద్దా?"

"దేవుడికి రోజూ చెబుతూనే ఉన్నావుగా అక్కా."

"ఆయనకి చెబుతున్నా. ఎవరి చేత పంపాడో వాళ్ళకి చెప్పలేదు. మన ఇంటికి ఎవరో బియ్యం పంపించారనుకో. పంపినాయనకి దణ్ణం పెట్టి, మోసుకొచ్చినవాడికి మంచినీళ్ళైనా ఇవ్వకపోతే బాగుంటుందా? ఒక్కసారి పేరు పెట్టి చెప్పాలి. అంతే నాకు."

అందుకని ఊళ్ళో చెట్లన్నిటినీ తడిమేది. చూడటం కాదు. కళ్ళు మూసుకుని, చెప్పులు విడిచి, రెండు చేతులూ చుట్టి, చెంప ఆనించి నిలబడేది. నేను వచ్చిన కొత్తల్లో ఒక పొద్దున పక్కింటి సాయిబుగారి భార్య పరుగున మెట్లెక్కి వచ్చింది. "మీ అక్క మా గేటు ముందు వేపచెట్టుని కావలించుకుంది! కళ్ళు తిరిగాయేమో, పడిపోతుందేమో, రండమ్మా!" కుట్టుమిషను దగ్గర్నుంచి లేచి, మెడలో కొలత టేపు అలాగే వేలాడుతుండగా కిందికి పరిగెత్తాను.

అక్క కళ్ళు తెరవలేదు. "వేప కాదు," అంది.

పక్కింటావిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. "వేప కాదా? అయ్యో, దీని పుల్లలతోనేగా మా ఆయన ఇన్నాళ్ళూ పళ్ళు తోముకుంటున్నాడు!"

"ఇది వేపేనండీ. నాది వేప కాదంటున్నా. వేపకి పగుళ్ళు నిలువుగా పోతాయి. వేలు దూరుతుంది, చూడండి. నాదానికి అలా లేదు."

ఆ రోజు నుంచి ఆవిడ మా అక్క కనిపించినప్పుడల్లా "దొరికిందా?" అని అడిగేది. ఎగతాళిగా మొదలైంది ఆ మాట. పోను పోను నిజంగానే అడిగేది.

నాకు చెట్లు అలాగే పరిచయమయ్యాయి, ఏది కాదో తెలుసుకుంటూ. పొద్దున వంట ముగించి ఆమె వెంట నడిచేదాన్ని. నెమ్మదిగా నడవడం ఆమెకి రాదు. కానుగ దగ్గర ఆగి నా చెయ్యి పట్టి బెరడు మీద పెట్టేది. "నున్నగా, బూడిదరంగులో, చిన్న చిన్న గుల్లలతో ఉంది చూడు. చెంపకి చల్లగా ఉంటుంది. నాది ఇది కాదు. కానీ ఎంత మంచిదో. మనకి ఎండ మొదలవగానే కొత్తాకు వేసుకుని నిలబడుతుంది." పొగడ బెరడు నల్లగా పలకలు పలకలుగా ఉంటుందని, నేరేడు కాళ్ళ దగ్గర మురుగు నిలిచినా ఓర్చుకుంటుందని, చింత బెరడు ముక్కలుగా లేచి వస్తుందని నాకు చేతులతోనే తెలిసింది. పాత సినిమా హాలు గోడలో మొలిచిన రావి దగ్గరికి తీసుకెళ్ళి, "దీన్ని ఎవరు నాటారు? ఎవరు నీళ్ళు పోశారు? సిమెంటు తిని బతుకుతోంది," అని నవ్వింది. ఆ గోడ మీద చెంప ఆనించలేక చెయ్యి చాచి ఆకునే పలకరించి వచ్చింది.

పెద్ద గాలివాన వెలిసిన మర్నాడు మాత్రం ఆమెను పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. కరెంటు తీగలు రోడ్డు మీద ఉన్నాయని బావగారు అరుస్తున్నా బయల్దేరేది. నీడ కోసం వరసగా పెట్టిన తురాయిలు, నిద్రగన్నేళ్ళు చాలా పడిపోయి ఉండేవి. "వేపకి కొమ్మ విరిగింది, మనిషి నిలబడింది," అని వచ్చి చెప్పేది. చెట్టుని మనిషి అనేది. "కానుగ బాగుంది. చింతకి ఏమీ కాలేదు. ఆ మలుపులో పొగడ ఒక్క పువ్వు కూడా వదిలిపెట్టలేదే!" ఒకసారి బట్టల దుకాణం ఆయన ఒకరు మెట్లు బాగుచేయించుకుంటూ ముందున్న కానుగ మొదలు దాకా సిమెంటు పోయించాడు. అక్క లోపలికి వెళ్ళి, "బాబుగారూ, మా చెల్లెలు టైలరు. మీకో చొక్కా కుట్టిస్తాను రండి. కాలరు మాత్రం గొంతుకి ఇంత బిగించి కుడుతుంది. సరేనా?" అంది. ఆయనకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వి, మొదలు చుట్టూ జానెడు సిమెంటు కొట్టించేశాడు. నేను సిగ్గుతో చీరలకేసి చూస్తూ నిలబడ్డాను. నాకు గట్టిగా మాట్లాడటం రాదు. ఆమె పక్కన నిలబడితే నా మాట కూడా ఆమే మాట్లాడేసినట్టు ఉండేది.

అన్నం నిలబడే తినేది. వంటింటి కిటికీలోంచి వీధి కనబడాలి. ఒక ముద్ద తిని, ఎవరో కొమ్మ నరుకుతున్న చప్పుడైందని చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయేది. ఆమె వెనక తలుపు దగ్గరికి వేయడం మా ఇంట్లో ఒక పని.

తర్వాత సుగరు వచ్చింది. ముందు పాదాలు తిమ్మిరెక్కాయి. దానికి ఆమె పెద్దగా బాధపడలేదు. అరచేతుల్లోనూ మొదలయ్యాకే భయపడింది. నా మిషను దగ్గరికి వచ్చి చెయ్యి చాచేది.

"సూది గుచ్చమ్మాయ్. నేను అటు తిరుగుతా."

మెల్లిగా ఆనించేదాన్ని. "తెలిసిందా?"

"గుచ్చావా?"

నేను సూదిని దారపు ఉండకి గుచ్చి పక్కన పెట్టేదాన్ని. ఆమెకి తెలిసిపోయేది. ఒక రోజు అరచేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుంటూ అంది, "కళ్ళు ఆ రోజు ఏమీ చూడలేదు. చెప్పగలిగినవి ఈ రెండే. ఇవీ పోతే ఇంకెవర్ని అడగనే?"

అక్కడి నుంచి తొందర. బందరు చాలలేదు. చల్లపల్లి వెళ్ళింది, పామర్రు వెళ్ళింది. ఎవరింట్లో పెళ్ళన్నా ముందు ఆ వీధిలో ఏం చెట్లున్నాయని అడిగేది. బావగారు మందులు సంచిలో పెట్టి, "వెళ్తే వెళ్ళు, టైముకి వేసుకో," అనడం తప్ప ఏమీ అనలేకపోయారు.

గుడివాడలో చుట్టాల పిల్ల ఓణీల ఫంక్షనుకి ఇద్దరం వెళ్ళాం. భోజనాలయ్యాక ఆమె కనిపించలేదు. నాకు తెలుసు ఎక్కడ వెతకాలో. కాలవ గట్టు వీధిలో ఒక పాత పెంకుటింటి ముందు నిండుగా ఆకులతో ఒక చెట్టు. ఆకు రావి ఆకులా ఉంది కానీ కొసన ఆ పొడుగు తోక లేదు. బెండ పువ్వులాంటి పసుపు పువ్వులు. కింద రాలినవి ఎర్రబారి ఉన్నాయి. అక్క దాన్ని చుట్టేసి ఏడుస్తోంది.

"ఇదే! అమ్మాయ్, ఇదే!"

వరండాలో కుర్చీలో కూర్చున్న పెద్దాయన కంగారుగా లేచాడు. "ఏమ్మా, ఏం పోయింది?"

"పోలేదండీ, దొరికింది!"

ఆయన మంచినీళ్ళు ఇచ్చి, విషయం విని, చెట్టు పేరు గంగరావి అని చెప్పాడు. సముద్రం ఒడ్డున, ఉప్పు నేలల్లో కూడా బతుకుతుందట. వాళ్ళ నాన్నగారు ఎక్కడినుంచో కొమ్మ తెచ్చి పాతితే పట్టుకుందట. "ఉప్పు నేలల్లో కూడా," అని అక్క నా వైపు తిరిగి అంది, పరీక్ష పాసైనట్టు.

ఆ ఆదివారం చర్చిలో అందరి ముందూ లేచి, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పింది. ఇన్నేళ్ళూ తల్లి గురించి, ఉప్పెన గురించి చెప్పి ఏడిపించేది. ఆ రోజు ఆరాధన ముగిసేదాకా నవ్వు మొహమే. గంగరావి పేరు చెప్పి, దాని చేత దేవుడు తనను నిలబెట్టాడని చెప్పి, అందరికీ బందరు హల్వా పంచింది. పాస్టరుగారు కూడా కళ్ళు తుడుచుకున్నారు.

రెండు రోజులు గడిచాయో లేదో, నేను కిందికి వెళ్ళేసరికి పొయ్యి మీద టీ మరుగుతోంది. ఆమె మసిగుడ్డ లేకుండా గిన్నె అంచు పట్టుకుని దించి, నాతో మాట్లాడుతూనే గ్లాసుల్లోకి వంపింది. నేను కేక పెట్టాను. అప్పుడు చూసుకుంది. అరచెయ్యి ఎర్రగా కందిపోయి ఉంది. సాయంత్రానికి బొబ్బ లేచింది.

మందు రాస్తుంటే కదలకుండా కూర్చుంది. ఆమె అలా కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"వేడి తెలియని చేతికి బెరడు ఎలా తెలిసింది?" అంది.

"అదీ ఇదీ ఒకటి కాదక్కా."

"ఒకటే. నాకు కావాలనిపించింది. అందుకని అదే అన్నాను."

పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి సాక్ష్యం వెనక్కి తీసుకుంటానంది. నేనూ పక్కనే ఉన్నాను. ఆయన ఎంతో మంచిగా చెప్పి చూశారు. "దేవుడు కాపాడింది నిజమే కదమ్మా. చెట్టు ఏదైతేనేం?"

"కాపాడింది నిజమేనండి. దేనితో కాపాడాడో తప్పు చెప్పాను. ఒకరు చేసిన మేలుకి ఇంకొకర్ని పిలిచి సన్మానం చేసినట్టయింది."

"ఎవరూ పట్టించుకోరమ్మా."

"నేను పట్టించుకుంటున్నానుగదండీ."

తర్వాతి ఆదివారం కట్టు కట్టిన చేత్తో లేచి నిలబడింది. "పోయిన వారం గంగరావి చెట్టు నన్ను పట్టి ఉంచిందని చెప్పాను. అది నాకు తెలియదు. తెలియనిది తెలుసని చెప్పాను. దేవుడు బతికించాడు, అది తెలుసు. చెట్టు ఏదో తెలియదు. హల్వా తిన్నవాళ్ళు క్షమించాలి," అని కూర్చుంది. నా వెనక ఎవరో "హల్వా తిరిగి ఇమ్మనలేదు, నయం," అని గొణిగారు. కొందరు నవ్వారు. నేను తలొంచుకుని ఆమె కట్టు కట్టిన చెయ్యి నా ఒళ్ళోకి తీసుకున్నాను. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి ఆ నాలుగు మాటలూ మెల్లిగా చెప్పింది.

అంతటితో ఆగుతుందనుకున్నాం. ఆగలేదు. "అసలు చోటుకే వెళ్దాం పద," అంది. అవనిగడ్డ బస్సెక్కాం. మోపిదేవిలో గుడికి వెళ్ళేవాళ్ళు దిగిపోగా బస్సు ఖాళీ అయింది. అక్కడి నుంచి ఆటో. వాళ్ళ ఊరు ఉన్న చోట చేపల చెరువులు. మధ్యలో గట్లు. నీళ్ళు చిమ్ముతూ చక్రాలు తిరుగుతున్నాయి. మేత చల్లుతున్నాయన మమ్మల్ని చూసి, "ఇక్కడ ఊరుండేదా అమ్మా?" అని ఆశ్చర్యపోయాడు. అక్క చేత్తో చూపించింది, ఇటు బావి, ఇటు మా ఇల్లు అని. ఆయన అటూ ఇటూ చూశాడు పాపం, నీళ్ళలోకి.

గట్టు మీద ఉన్నది ఒక్క తుమ్మ చెట్టు. గిడసబారి, ఒంగి ఉంది.

"నువ్వు పట్టుకో," అంది నాతో. "నీ చేతులు బాగున్నాయి."

కొమ్మల మధ్య చేతులు దూర్చి చుట్టాను. ముళ్ళు జాకెట్టులోంచి దిగాయి.

"ఎలా ఉంది?"

"గుచ్చుకుంటోందక్కా."

"వదలకు. ఇప్పుడు?"

"ఇప్పుడూ గుచ్చుకుంటోంది."

"నీళ్ళు వస్తున్నాయనుకో. మీ అమ్మ కనబడట్లేదనుకో. ఇప్పుడు?"

నేను చేతులు ఇంకా బిగించాను. ఆమె మళ్ళీ అడగలేదు. చేతులు వదిలి వచ్చాక నా మోచెయ్యి దగ్గర రక్తం తన కొంగుతో తుడిచి, "ముళ్ళు లేవని ఇన్నాళ్ళూ ఎంత గట్టిగా వాదించాను," అంది. "ఉన్నాయేమో."

తిరిగి వస్తుంటే బస్సులో నా భుజం మీద తల పెట్టుకుంది. "తెలియకపోవడమే మంచిదేమో అమ్మాయ్. తెలిసుంటే దాని ఒక్కదాని దగ్గరికే వెళ్ళి వచ్చేసేదాన్ని. మిగతావాళ్ళు ఎవరూ పరిచయమయ్యేవాళ్ళు కాదు." ఆ మాట నాకెంతో నచ్చింది. దాన్ని పట్టుకుని కొన్నాళ్ళు ప్రశాంతంగా ఉన్నాను కూడా. కానీ మర్నాడు పొద్దున నేను డాబా మీద బట్టలు ఆరేస్తూ కిందికి చూస్తే, ఆమె తాలూకాఫీసు వైపు వెళ్తోంది, చెప్పులు చేత్తో పట్టుకుని. అన్న మాట మీద ఆమే నిలబడలేదు. నేనెలా నిలబడతాను?

ఆమెను సమాధుల తోటలో పెట్టి వచ్చిన దగ్గర్నుంచి నాకు కుదురు లేదు. మిషను మీద కూర్చుంటే కాలు ఆడదు. ప్రార్థనకి కళ్ళు మూసుకుంటే చేతులు దేన్నో వెతుక్కుంటున్నట్టు ఉంటుంది. రోడ్డు మీద వెళ్తూ ప్రతి చెట్టునీ దాటేటప్పుడు ఎవరినో పలకరించకుండా వెళ్ళిపోతున్నట్టు ఉంటుంది. అలాంటప్పుడు సంఘపెద్దలు వచ్చి, జ్ఞాపకార్థ కూడిక రోజు ఆమె పేరున చర్చి ఆవరణలో ఒక చెట్టు పెడదామన్నారు. ఏం చెట్టో నన్ను చెప్పమన్నారు.

ఒకాయన కోనోకార్పస్ అన్నాడు. తొందరగా పెరుగుతుంది, మేకలు ముట్టుకోవు, నర్సరీలో ఎన్నైనా దొరుకుతాయి అన్నాడు. "ఆవిడ ఒక్కనాడైనా దాని చెయ్యి పట్టుకుందా అండీ?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

బావగారు మూలన కూర్చున్నారు. "తుమ్మ పెట్టండి," అన్నారు. "నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా," అని, కాదనేవాళ్ళ కోసం చూసినట్టు చూశారు. ఎవరూ కాదనలేదు. ఆయన పేపరు కోసం పక్కన తడుముకున్నారు. అక్కడ పేపరు లేదు.

నాలుగు రోజులు అదే ఆలోచన. వేప అందామా, అది కాదని ఆమే చెప్పింది. కానుగా కాదంది. తుమ్మ అందామంటే ఆమె ఏమోనంది గానీ అవునని అనలేదు. ఆమెకి తెలియనిది నాకు తెలుసని చెప్పడానికి నేనెవర్ని? చివరికి ఒకటే తోచింది. ఆమె పేరు పెట్టి థాంక్స్ చెప్పిన చెట్టు లోకంలో ఒక్కటే ఉంది. తప్పుగానే చెప్పింది. అయినా ఆ చెట్టు వింది.

గుడివాడ వెళ్ళాను. పెద్దాయన నన్ను గుర్తుపట్టి నా వెనక చూశాడు. "ఆవిడ రాలేదా?" చెప్పాను. ఆయన లోపలికి కేకేసి కత్తి తెప్పించాడు. చేతి లావు కొమ్మ, నాకంటే పొడుగైనది, చూసి చూసి కొట్టించాడు. ఆకులు దూసి, కోసిన చోట తడి గోనెగుడ్డ చుట్టి ఇచ్చాడు. "లోతుగా పాతండి. ఊగనివ్వకండి. పట్టుకుంటుంది," అన్నాడు.

బస్సులో కండక్టరు దాన్ని చూసి ఆగిపోయాడు. "ఏంటమ్మా ఇది, ఇల్లు కడుతున్నారా?"

"చెట్టండి."

"ఆకుల్లేవే?"

"వస్తాయండి."

"వచ్చాక చెప్పండి, అప్పుడు కొడతా దీనికి టికెట్టు. చచ్చిన కర్రకి ఏం కొట్టమంటారు?"

వెనక సీట్లోంచి ఎవరో, "బతికితే బందరు వచ్చి వసూలు చేసుకోవయ్యా," అన్నారు. బస్సంతా నవ్వింది. ఆమె ఉండుంటే కండక్టరుని కూడా దాని మీద చెయ్యి వేయమనేది. నేను గోనెగుడ్డ మీద సీసాలో నీళ్ళు పోస్తూ కూర్చున్నాను.

కూడిక రోజు పాతాం. ఇనప పలక మీద "ఈ చెట్టే ఆమెను కాపాడింది" అని రాయిద్దామని ఒకరన్నారు. వద్దండీ, ఆమె మళ్ళీ లేచి నిలబడాల్సి వస్తుంది అన్నాను. పాస్టరుగారికి అర్థమై ఊరుకున్నారు.

వారాలు గడిచాయి. ఒక్క ఆకు లేదు. ఆదివారం బడి పిల్లలు దాని చుట్టూ తిరిగి ఆడుకుంటారు. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు తలా ఒక మాట అంటారు. ఎండిపోయిందంటారు. గోరుతో గీకి చూడమంటారు. గీకితే చస్తుందంటారు. రోజూ సాయంత్రం చెంబుతో నీళ్ళు తీసుకుని వెళ్తున్నాను. పోసి, కాసేపు నిలబడి, ప్రార్థన చేద్దామనుకుని, మాటలు రాక వచ్చేస్తున్నాను. పక్కింటి సాయిబుగారి భార్య గేటు దగ్గర నిలబడి ఉంటుంది. "వచ్చిందా?" అంటుంది. "ఇంకా లేదండి," అంటాను.

నిన్న వెళ్ళేసరికి చర్చి వాచ్‌మన్ భార్య ఆ కర్రకి ఒక కొస, కిటికీ చువ్వకి ఒక కొస తాడు కట్టి పిల్లల బడి చొక్కాలు ఆరేసింది. నన్ను చూసి గాభరాపడింది. "అయ్యో, ఎండిన కర్ర అనుకున్నానమ్మా, విప్పేస్తాను," అంటూ బుట్ట కింద పెట్టింది. నేనూ విప్పేద్దామనే గబగబా వెళ్ళి తాడు మీద చెయ్యి వేశాను. అప్పుడే సముద్రం వైపు నుంచి గాలి లేచింది. తడి చొక్కాలు ఒక్కసారిగా ఉబ్బి, చేతులు చాచి, అన్నీ ఒకే వైపుకి లాగాయి. తాడు నా వేళ్ళ కింద బిగుసుకుంది. చిన్న చొక్కాలు, ఒకదాని పక్కన ఒకటి, ఎగిరి ఎగిరి తాడుని పట్టుకునే ఉన్నాయి. కర్ర కదల్లేదు.